మంచినీరును మురుగునీరును

(రామకృష్ణపురమున మన సంఘపు వేసవి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నీటి మాలిన్యమును గూర్చి మాట్లాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, నేను శాస్త్రజ్ఞుడను కాననియు, కళాశాలలో చరిత్రయు ఆర్థికశాస్త్రమును చదువుకొన్నవాడననియు మనవి చేసితిని. "మాకు కావలసినది రసాయనశాస్త్రము కాదు, మీరు ఆఫీసులో ఫైలు చదివినట్లు ఈ సంగతిని చదివి చెప్పుడు" అని వారు సెలవిచ్చిరి. ఆ మాట నాకు నచ్చినది. ఫైలు చేతికి వచ్చినప్పుడు మేము మొదట చూచునది ఏ కాగితము ముందు వచ్చినది, ఏది వెనుక వచ్చినది, నడుమ ఎవరేమి వ్రాసిరి అనునదే. మాలిన్యమునకు కారణములు పది, కీడులు పది వరుసగా ఏకరువు పెట్టుట మన పిల్లలు బడిలో వ్రాయు వ్యాసములలోనే ఉన్నది. ఆ త్రోవను వదలి, ఈ నగరముననే జరిగిన ఒక్క ఉదంతమును మీ ముందుంచెదను. చెప్పవలసిన కారణములు చాలవరకు అందులోనే దొరకును.

అది 1955వ సంవత్సరము. ఆంధ్రరాష్ట్రము ఏర్పడి రెండేండ్లయినది. విశాలాంధ్రకు ఇంకను ఒక ఏడు గడువున్నది. మనము కూర్చున్న ఈ రామకృష్ణపురము అప్పటికి పుట్టనేలేదు. అయినను ఢిల్లీలో తెలుగు ఉద్యోగులును వారి కుటుంబములును ఉండిరి. తక్కిన జనముతోపాటు వారును యమున నీటినే త్రాగుచుండిరి. నగరమునకు ఉత్తరమున వజీరాబాదు వద్ద నదినుండి నీటిని తోడి, చంద్రావల్ అనుచోట శుద్ధిచేసి, గొట్టములద్వారా ఇండ్లకు పంపుచుండిరి. వజీరాబాదునకు కొంచెము దిగువను నజఫ్‌గఢ్ నాలా అను పెద్ద మురుగుకాలువ వచ్చి నదిలో పడుచుండెను. నేటికిని పడుచునే యున్నది. ఈ నాలా పూర్వము సాహిబీ యను నది. రాజస్థానమున పుట్టి హర్యానా మీదుగా వచ్చి యమునలో కలియునది. నదిని నాలా యని పిలుచుట అలవాటైన తరువాత అందులో ఏమి పోసినను ఎవరికిని తప్పుగా తోచదు. పేరు మారుటతోనే సగము పని అయిపోవును.

మురుగు పడుచోటు దిగువను ఉన్నది, నీరు తోడుచోటు ఎగువను ఉన్నది. ఇక భయమేమి యని ఎవరికైనను తోచును. పటము తీసి చూచినచో లోపమేమియు కనబడదు. కాని యమున ఇసుకలో పారు నది. ఏటేట పాయలు మార్చుకొనునది. గోదావరి లంకలవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. నిరుడు పొలమున్నచోట ఈ ఏడు రేవు, రేవున్నచోట ఇసుకతిన్నె వారు చూచుచునే యుందురు.

ఆ సంవత్సరము అక్టోబరులో యమున పొంగెను. వరద తీసిన పిదప చూడగా ప్రవాహము తూర్పునకు జరిగియుండెను. పడమటి గట్టుననున్న పంపుల వద్ద మిగిలినది ఒక సన్నని మడుగు మాత్రమే. ఏటి నీరు తగ్గినది గాని నాలా నీరు తగ్గలేదు. త్రోసికొనిపోవు ప్రవాహము లేనందున ఆ మురుగు దిగువకు పోవుటకు మారుగా మెల్లమెల్లగా ఎగువకు ప్రాకి పంపుల మడుగులో చేరెను. ఇది నవంబరు రెండవ వారమున జరిగినది. కొన్ని దినములపాటు నగరమునకు తోడిన నీటిలో మురుగు చెప్పుకోదగినంత పాలు కలిసియుండెను.

శుద్ధికేంద్రమువారు ఏమరుపాటున లేరు. నీరు చెడినదని గ్రహించి పటిక మోతాదు పెంచిరి. క్లోరిను మోతాదును పెంచిరి. పుస్తకములో ఉన్న చికిత్స అదియే. అది కొంతవరకు ఫలించెను కూడ. మురుగు కలిసిన నీరు త్రాగిన ఊరిలో మొదట విజృంభింపవలసినవి టైఫాయిడు, రక్తవిరేచనములు. ఆ రెండును పెరుగలేదు. వారములు గడచినవి. గండము గడచినదని అనుకొనుట సహజము.

డిసెంబరు మొదటి వారమునుండి ఆసుపత్రులకు కామెర్ల రోగులు రాసాగిరి. మొదట పదులు, పిదప వందలు, ఆ పిమ్మట వేలు. జనవరి మూడవ వారము వరకును ఆ వెల్లువ ఆగలేదు. 29,300 మందికి కామెర్లు పైకి కనబడినవని తరువాత జరిగిన పరిశోధనలో అంచనా కట్టిరి. కన్నులు పచ్చబడకయే లోలోపల వ్యాధి సోకినవారు ఇంకను ఎందరో. వీరిలో అత్యధికులు కొన్ని వారములలో కోలుకొనిరి. కామెర్లనగానే మనవారు పసరుమందునకై పరుగెత్తుదురు గదా. చాలమందిలో ఈ వ్యాధి దానంతట అదియే తగ్గును, పేరు మాత్రము పసరునకు వచ్చును. కాని గర్భిణుల విషయము వేరు. ఆ చలికాలమున ఢిల్లీలో తక్కినవారికంటె గర్భిణులలో మరణములు చాల హెచ్చుగా ఉండెను.

ఇచట ఒక్క నిమిషము ఆగవలసియున్నది. ఈ విపత్తులో దుర్మార్గుడెవడును కానరాడు. విషము వదలిన ఫ్యాక్టరీ లేదు. లంచము తిన్నవాడున్నట్లు ఎచటను చదువలేదు. నాలా వదలవలసిన చోటనే వదలిరి, నీరు తోడవలసిన చోటనే తోడిరి, మందు వేయవలసినంతకంటె ఎక్కువయే వేసిరి. అయినను ఇరువదితొమ్మిది వేలమంది మంచము పట్టిరి. ఒకే నదిని త్రాగుటకును మురుగు పారబోయుటకును వాడుకొనుచు, ఆ రెంటి నడుమ కొలది దూరము ఉన్నదిలెమ్మని ధైర్యముగా కూర్చుండుటలోనే కీడున్నది. నీటి మాలిన్యమునకు కారణములెన్ని చెప్పినను నా దృష్టిలో మూలకారణమిదియే. తక్కినవన్నియు దీని శాఖలు.

అయితే క్లోరిను టైఫాయిడును అరికట్టి కామెర్లను ఏల అరికట్టలేకపోయెను? టైఫాయిడు కలిగించునది సూక్ష్మజీవి. క్లోరిను తగిలినచో అది తేలికగా చచ్చును. కామెర్లు కలిగించినది అంతకంటె ఎంతో చిన్నదైన వైరస్. నీటిలో మలినము దట్టముగా ఉన్నప్పుడు క్లోరినులో చాల భాగము ఆ మలినముతో పోరాడుటకే ఖర్చయి, మిగిలినది వైరస్‌ను చంపుటకు చాలకపోవును. కావుననే ఒక వ్యాధి ఆగినది, మరియొకటి జల్లెడలోనుండి జారినట్లు వచ్చినది. ఆ వైరస్ ఏదో ఆనాడు ఎవరికిని తెలియదు. ఆ రోగుల రక్తద్రవమును కొంత భద్రపరచియుంచిరి. దానిని 1980లో పరీక్షింపగా అది అప్పటికి తెలిసియున్న కామెర్ల వైరస్‌లలో ఏదియు కాదని తేలెను. 1983లో మాస్కోలో బలయాన్ అను శాస్త్రజ్ఞుడు, అఫ్గానిస్థానమున జబ్బుపడిన రష్యను సైనికుల మలమునుండి తీసిన ద్రవమును తానే త్రాగి, కామెర్లు తెచ్చుకొని, ఆ వైరస్‌ను సూక్ష్మదర్శినిలో చూపెను. నేడు దానిని హెపటైటిస్-ఇ అనుచున్నారు. ఢిల్లీ ప్రజలు ముప్పదేండ్లకు పూర్వమే కుళాయి నీటితో త్రాగినదానిని ఆయన గాజుపాత్రతో త్రాగెను.

ఈ వ్యాధి నీరు త్రాగిన నాడు బయటపడదు. సాధారణముగా అయిదారు వారములు పట్టును. నవంబరులో త్రాగినదానికి డిసెంబరు, జనవరి నెలలలో ఫలితము. చెడ్డ నీరు త్రాగిన నాటి జ్ఞాపకము పోయి, మంచి నీరు వచ్చుచున్న కాలమున రోగము వచ్చును. అందుచే ప్రజలు నీటిని అనుమానింపరు. నిన్న తిన్న మిఠాయిని అనుమానింతురు. కారణమునకును కార్యమునకును ఇంత ఎడమున్న కీడును పట్టుకొనుట కష్టము. మా ఆఫీసులలోవలెనే, తప్పు ఒకరి హయాములోను, సంజాయిషీ మరియొకరి హయాములోను వచ్చును.

ఈ పాఠమును ప్రపంచము ఢిల్లీకంటె నూరేండ్లు ముందే చదివినది. లండనులో 1854లో కలరా వచ్చినప్పుడు నగర దక్షిణభాగమున రెండు కంపెనీలు ఒకే వీధులలో పక్కపక్కనే గొట్టములు వేసి నీరమ్ముచుండెను. ఒక కంపెనీ 1852లో తన పంపులను థేమ్సు నదిపై ఎగువకు, నగరపు మురుగు తగులని చోటికి మార్చుకొనెను. రెండవది పాతచోటనే తోడుచుండెను. జాన్ స్నో అను వైద్యుడు ఇల్లిల్లు తిరిగి ఏ ఇంటికి ఎవరి నీరు వచ్చుచున్నదో వ్రాసికొనెను. పాతచోటి నీరు త్రాగిన ఇండ్లలో పదివేల ఇండ్లకు 315 చావులు. ఎగువ నీరు త్రాగిన ఇండ్లలో పదివేల ఇండ్లకు 37. వీధి ఒక్కటే, గాలి ఒక్కటే, మనుష్యులును ఒక్కటే రకము. భేదము నీరు తోడిన చోటనే. ఇంత చక్కని లెక్క చూచియు ఆ దేశపు పెద్దలు వెంటనే కదలలేదు. 1858 వేసవిలో థేమ్సు దుర్గంధము పార్లమెంటు భవనములోనికి వచ్చి, తెరలను సున్నపు మందుతో తడిపి వ్రేలాడదీసినను సభ్యులు కూర్చుండలేని స్థితి కలిగినప్పుడు గాని మురుగుకాలువల నిర్మాణమునకు చట్టము రాలేదు. వాసన ముక్కునకు తగులువరకు ఫైలు కదలకుండుట ఒక్క మనదేశపు ఆచారమే కాదని తెలిసి నాకు కొంత ఊరట కలిగినది.

ఇక నేటి యమునకు వత్తము. వజీరాబాదు వద్ద ఆ తరువాత ఆనకట్ట కట్టిరి. నాలా దానికి దిగువను పడును. కావున 1955లో జరిగినట్లు మురుగు వెనుకకు ప్రాకుటకు వీలు లేదు. కాని ఆనకట్ట నీటినంతయు ఆపి నగరమునకు ఇచ్చివేయును. వర్షాకాలము గడచిన తరువాత ఆనకట్టకు దిగువను నదిలోనికి వదలు మంచినీరు బహు స్వల్పము. అట్టి చోట నజఫ్‌గఢ్ నాలా వచ్చి పడుచున్నది. మురుగు నదిలో కలియుచున్నదని మనమందుము. కలియుటకు అచట నది ఉండవలెను గదా! నది ఖాళీచేసిన ఇంటిలో మురుగు కాపురమున్నది.

దీనిని ఒక చిన్న లెక్కతో చెప్పెదను. ఆర్ట్సు చదివిన నాకు అర్థమైనది గనుక మీకును అర్థము కాగలదు. చేప బ్రదుకవలెనన్నను, నీరు తన్ను తాను శుభ్రపరచుకొనవలెనన్నను నీటిలో కరిగిన ప్రాణవాయువు కావలెను. ఎండకాలమున లీటరు నీటిలో ఏడెనిమిది మిల్లీగ్రాములకు మించి ప్రాణవాయువు ఇమడదు. మురుగులోని కల్మషమును సూక్ష్మజీవులు తిని హరించుకొనుటకు ఈ ప్రాణవాయువే ఆధారము. శుద్ధిచేయని మురుగు లీటరునకు సుమారు రెండువందల మిల్లీగ్రాముల ప్రాణవాయువు కావలెను. అనగా ఒక లీటరు మురుగు ఇరువదియైదు, ముప్పది లీటర్ల మంచినీటి ఊపిరిని పీల్చివేయును. ముప్పది పాళ్ళు నీరున్న నది ఒక పాలు మురుగును ఎట్లో భరించి కొంతదూరము పోవునప్పటికి కోలుకొనవచ్చును. ఢిల్లీలో యమున పాళ్ళు తలక్రిందులైనవి. వజీరాబాదునుండి ఓఖ్లా వరకు 22 కిలోమీటర్లు. 1376 కిలోమీటర్ల నదిలో నూటికి రెండు పాళ్ళయినను లేదు. నదిలో చేరు మాలిన్యములో సుమారు నాలుగింట మూడు పాళ్ళు ఈ కొంచెపు దూరములోనే చేరుచున్నదని అధికార నివేదికలు చెప్పుచున్నవి. దక్షిణ ఢిల్లీ మురుగు బారాపులా నాలా గుండ అందులోనికే పోవుచున్నది. ఛఠ్ పండుగ దినములలో కాళింది కుంజ్ వద్ద నురుగులో నిలువబడి అర్ఘ్యమిచ్చు స్త్రీల చిత్రములు పత్రికలలో మీరు చూచియుందురు. మనము బట్టలుతుకు పొడులలోని పదార్థములే ఆ నురుగునకు చాలవరకు కారణము.

అది మనకు దిగువను జరుగు కథ. మధుర, ఆగ్రావారు అనుభవించునది. మనకు ఎగువను మరియొక కథ ఉన్నది. పానిపట్టు, సోనిపట్టుల వైపునుండి ఫ్యాక్టరీల నీరును ఊళ్ళ మురుగును యమునలో చేరి, చలికాలమున నదిలో అమ్మోనియా పెరుగును. అమ్మోనియా ఉన్న నీటిలో క్లోరిను వేసినచో అది ముందు అమ్మోనియాతోనే కలిసిపోవును. క్రిములను చంపుటకు మిగులదు. లీటరునకు ఒక మిల్లీగ్రాము దాటినచో వజీరాబాదు, చంద్రావల్ కేంద్రములు పని తగ్గించుకొనుటయో ఆపుటయో తప్పదు. "నేడు నీటి సరఫరా తక్కువ" అని వచ్చు ప్రకటన వెనుక తరచుగా ఉన్న సంగతి ఇది. 1955లో మురుగు దిగువనుండి ఎగువకు వచ్చినది. నేడు సరియైన దారినే, ఎగువనుండి దిగువకు వచ్చుచున్నది. క్లోరినుకు వచ్చిన ఇబ్బంది మాత్రము ఆ పాతదే.

మన తెలుగుదేశమున స్థితి మెరుగా యని మీరు అడుగవచ్చును. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదునకు ఎగువను ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు కట్టిరి. మొదటిది 1920లోను రెండవది 1927లోను పూర్తియైనవి. నీరు పైన, మురుగు క్రింద అను న్యాయము అచటను కొంతకాలము నడచెను. ఊరు పెరిగి చెరువుల వైపునకే ప్రాకినందున 1996లో 111వ నంబరు జీ.వో. తెచ్చి ఆ జలాశయముల చుట్టును పది కిలోమీటర్ల మేర కట్టడములను నియంత్రింపవలసివచ్చినది. ఊరికి దిగువను మూసీ నీటితో వరి పండించుకొను నల్లగొండ జిల్లా రైతుల మాట వేరుగా చెప్పనేల?

పటాన్‌చెరువు ఉదంతము ఇంకను విచిత్రమైనది. అచటి మందుల ఫ్యాక్టరీల మలినజలమును ఒకచోట చేర్చి శుద్ధిచేసి నక్కవాగులోనికి వదలుచుండిరి. ఆ వాగు మంజీరలో కలియును. 2007లో స్వీడనుదేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ప్రకారము, శుద్ధియైనదనుకొన్న ఆ నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిను ఉండెను. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో ఉండుదానికంటె ఇది ఎక్కువ. ఒక్క దినమున ఆ కేంద్రము వదలిన మందు 45 కిలోలని వారు లెక్కవేసిరి. అప్పటికి తొంబదిలక్షల జనమున్న వారి దేశము అయిదు దినములలో వాడునంత. జ్వరమునకు వైద్యుడు వ్రాయు మందే వాగులో పారినచో కీడేమి యని అనుకొనరాదు. ఆ వాగులోని క్రిములు మందునకు అలవాటుపడి దానిని లెక్కచేయని జాతులుగా మారును. రేపు మన బిడ్డకు ఆ క్రిమి సోకినచో ఆ మందు పనిచేయదు. నక్కవాగు రైతులు పంటలు పోయినవని 1990లో సుప్రీంకోర్టు వరకు పోవలసివచ్చినది. ఆ పిమ్మట ఆ నీటిని గొట్టములగుండ అంబర్‌పేటకు తరలించి నగరపు మురుగుతో కలిపి మూసీ వైపు పంపు ఏర్పాటు చేసిరి. మంజీరవారి బాధ మూసీవారికి బదిలీ అయినది. బదిలీలకు అలవాటుపడిన మనకు ఇందులో వింత తోచదు.

చట్టములు లేవా? 1974లో జలకాలుష్య నివారణ చట్టము వచ్చినది. రాజ్యాంగమున నీరు రాష్ట్రముల జాబితాలోని విషయము గనుక కొన్ని రాష్ట్రముల శాసనసభలు తీర్మానించి కోరినమీదట, 252వ అధికరణము క్రింద పార్లమెంటు దానిని చేసెను. గంగకు కార్యాచరణ ప్రణాళిక వచ్చినది. 1993లో జపాను సహాయముతో యమునకును వచ్చినది. శుద్ధికేంద్రములు కట్టిరి. అవి దండుగయని నేననను. అవియే లేకున్నచో స్థితి ఇంకను అధ్వాన్నమై యుండెడిది. కాని మురుగు శుద్ధికేంద్రమునకు చేరవలెనన్న ఇల్లిల్లును మురుగు గొట్టమునకు కలియవలెను. గొట్టములు లేని పేటలనుండి అది తిన్నగా నాలాకే పోవును. అధికారముల చిక్కు ఒకటి ఉండనే యున్నది. హత్నీకుండ్ వద్ద నీరు వదలువారొకరు, వజీరాబాదు వద్ద తోడువారొకరు, ఓఖ్లా ఆనకట్టను చూచువారు ఇంకొకరు. ఎవరి ఫైలులో వారి లెక్క సరిగానే ఉండును.

ఇంతవరకు పెద్ద సంగతులు చెప్పితిని. మన క్వార్టర్లలోనికి వత్తము. నేనీ ప్రసంగమునకు ఒప్పుకొన్నదియు ఇందుకొరకే.

వజీరాబాదున జరిగినదే మన మెట్లక్రింద చిన్న ఎత్తున దినదినమును జరుగుటకు వీలున్నది. మనకు నీరు ఇరువదినాలుగు గంటలును రాదు. ఉదయమున కొంతసేపు, సాయంకాలమున కొంతసేపు వచ్చును. వచ్చునంతసేపు గొట్టములో ఒత్తిడి ఉండును. చిల్లున్నచో మంచినీరు బయటికి కారును, అంతే. నీరు ఆగిన తరువాత గొట్టము ఖాళీయై, బయటనున్నదానిని చిల్లుగుండ లోనికి పీల్చుకొనును. బయట నున్నది మురుగైనచో మరునాటి ఉదయము మొదటి బిందెలో మురుగు వచ్చును. దీనికి తోడు మనము చాలమంది గొట్టమునకే తిన్నగా మోటారు తగిలించి నీటిని లాగుచున్నాము. పై అంతస్తువారి బాధ నాకు తెలియును. మోటారు లేనిదే బొట్టు పడదు. కాని అది నిషిద్ధమన్న సంగతి అటుండగా, మోటారు లాగునప్పుడు గొట్టములో ఒత్తిడి శూన్యముకంటెను తగ్గి, చుట్టుపట్ల నున్న ప్రతి చిల్లునుండియు మురుగును పిలిచి తెచ్చును. లాగినది ఒక ఇల్లు, త్రాగునది వరుసంతయు. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూరులో త్రాగునీటిలో మురుగు కలిసి వాంతిభేదులు ప్రబలి పలువురు మరణించిరి. అచట నదియు లేదు, నాలా తిరుగబడలేదు; వీధిలోని గొట్టములు చాలినవి.

కొంతకాలము క్రిందట మా వరుసలోనే కుళాయి నీటికి వాసన వచ్చెను. ఫిర్యాదు వ్రాసితిమి. ఒక కార్యాలయమువారు అది భవనము లోపలి గొట్టమనియు, మరియొక కార్యాలయమువారు బయటి గొట్టమనియు సమాధానమిచ్చిరి. పండ్రెండు దినములు గడచినవి. చివరకు త్రవ్వి చూడగా మంచినీటి గొట్టము మురుగుతొట్టిలోనుండియే పోవుచుండెను. తుప్పుపట్టి అరచేయి దూరునంత రంధ్రము. మా ఆవిడ ఆ పండ్రెండు దినములును నీరు కాచి పోసినందున మేము బ్రదికితిమి. ఎదుటి ఇంటి ఇద్దరు పిల్లలు వారము దినములు ఆసుపత్రిలో ఉండిరి.

"మాకు ఫిల్టరు ఉన్నది" అని మీరు అందురు. ప్రతి వంటగదిలోను ఒక చిన్న వజీరాబాదు పెట్టుకొన్నాము, మంచిదే. కాని పండ్లు తోముకొనునది ఏ నీటితో? దోసకాయ కడుగునది ఏ నీటితో? మన ఇంట అంట్లు తోము మనిషి తన గుడిసెకు పోయి త్రాగునది ఏ నీరు? ఆ యంత్రము ఒక బిందె మంచినీటికి రెండు మూడు బిందెల నీటిని పారబోయు సంగతి వేరే ఉన్నది.

మన సంప్రదాయమున తొలికాన్పునకు ఆడపిల్ల పుట్టింటికి వచ్చును. విజయవాడనుండియో వరంగల్లునుండియో ఏడవ నెలలో మన క్వార్టరుకు వచ్చును. ఎండలు, వానలు, కొత్తనీరు. హెపటైటిస్-ఇ సోకిన సామాన్యులు కోలుకొందురంటిని గదా. చివరి మూడు నెలలలో ఉన్న గర్భిణులలో మాత్రము నూటికి ఇరువది, ఇరువదియైదు మంది వరకు మరణింపవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 1955లో మన నగరము చూచిన విషాదమునకు నేటి పేరు ఇదియే. కడుపుతోనున్న ఆడపిల్ల ఇంటనున్నంతకాలము నీటిని తెర్లునట్లు కాచి చల్లార్చి ఇండు. ఆ అమ్మాయి పండ్లు తోముకొనుటకును ఆ నీటినే ఇండు. పానీపూరీ బండివైపు పోనీయకుడు. అడిగినదెల్ల పెట్టవలెనన్న మాటకు ఇది ఒక్కటి మినహాయింపు. మరుగు నీటిలో ఈ వైరస్ బ్రదుకదు.

కార్యవర్గమునకు నాదొక ప్రార్థన. ఉగాదికి, సంక్రాంతికి చందా పోగుచేయుటలో మనకు మంచి అనుభవమున్నది. ఈసారి వానలు పడకముందే సెక్టారునకు ఇద్దరు చొప్పున యువకులు ముందుకు రావలెను. క్లోరోస్కోపు అను చిన్న పరికరము కొద్దిపాటి ధరకు దొరకును. కుళాయి నీటిని దానిలో పోసి రెండు చుక్కల ద్రావకము వేసినచో, నీటిలో క్లోరిను మిగిలియున్నప్పుడు పసుపురంగు తేలును. లీటరునకు 0.2 మిల్లీగ్రామయినను మిగిలియుండవలెనని మన ప్రమాణము. రంగు రాకున్నచో క్లోరిను వేయలేదనియో, దారిలో మురుగు దానిని మ్రింగివేసినదనియో గ్రహింపవలెను. పదవ తరగతి పిల్లలు సైతము చేయగలరు. వారమునకొకసారి, నీరు వచ్చిన మొదటి పావుగంటలో చూచి తేదీ, వేళ, క్వార్టరు సంఖ్య వ్రాసియుంచవలెను. నలువది కుటుంబములు సంతకముచేసిన ఆరు వారముల పట్టికను జతపరచి పంపిన దరఖాస్తును, "వాసన వచ్చుచున్నది" అని ఒక్కరు వ్రాసిన దరఖాస్తువలె ప్రక్కన పెట్టుట ఎంతటి అధికారికైనను కష్టము. ఇది ఇరువదేండ్లుగా బల్లకు అటువైపున కూర్చున్నవాని మాట.

జాన్ స్నో చేసినదియు ఇల్లిల్లు తిరిగి పట్టిక వ్రాయుటయే. పట్టిక నమూనా నేను తయారుచేసి తెచ్చితిని; ద్వారము వద్ద బల్లమీద ఉన్నది. మోటారు తగిలించినవారు ఆ గడిలో నిజమే వ్రాయవలెను, పేర్లు బయటపెట్టము.